అర టికెట్టు కిటికీ

1
గోడకి మొదటి రాయి పడిన పదమూడో ఏడు, మార్చి 3

ఇది డ్యూటీ రిజిస్టరు కాదు. డ్యూటీ రిజిస్టరు చేతిపెట్టె తనకు తానే రాసుకుంటుంది. దాని రాత మీద ఇవాళ నాకు నమ్మకం తగ్గింది కాబట్టి నా సొంతానికి వేరే పుస్తకం పెట్టాను. నమ్మకం తగ్గడం నాకేమీ కొత్త కాదు. మా ఆయన సన్యాసిరావు టీ పెట్టి ఇచ్చినా, అందులో పంచదార ఎంత వేశాడో చెంచాతో తిప్పి చూసి గానీ తాగను.

నా పేరు వరహాలమ్మ. కొండ మీది సంబరాల పార్కులో అర టికెట్టు కిటికీ నాది. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. పన్నెండు నిండని పిల్లలకి అర టికెట్టు, నిండితే ఫుల్లు. పూర్వం ఇది ఒట్టి టికెట్ల గొడవే. సముద్రం వచ్చి కింద ఊళ్ళో మునిసిపాలిటీ ఆఫీసుని, అందులో ఉన్న పుట్టుక కాగితాలని ఎత్తుకుపోయాక, పిల్లల వయసులు రాసి ఉన్న పుస్తకం ఊరు మొత్తానికి మా పార్కు గేటు దగ్గరే మిగిలింది. కౌన్సిలు వాళ్ళు దాన్నే ఖాయం చేసేశారు. పార్కులో ఫుల్ టికెట్టు పడిన పిల్ల ఊరికి కూడా పెద్దే. ఆ రోజుతో బడి ఆఖరు. నెలాఖరు లారీ ఎక్కి సముద్రపు గోడ పనికి పోవాలి, ఏడాదికి వంద రోజులు రాళ్ళు మొయ్యాలి. ఏటా మార్చి నుంచి ఒక్కో వీధికీ వంతు. వంతు వచ్చినప్పుడు పిల్లల్ని గేటుకి తీసుకురాకపోతే అప్పుడూ పెద్దకిందే లెక్క. అందుకని అందరూ వస్తారు.

పద్ధతి ఏమిటంటే, ఎముకలు చూసి వయసు చెప్పే ఆ చేతిపెట్టెలో పిల్ల చెయ్యి పెడుతుంది, కన్నవాళ్ళు వయసు చెబుతారు. పిల్లని చూసి నేను నా అంచనా నొక్కుతాను. తర్వాత పెట్టె తన అంకె చెబుతుంది. మా రెండిట్లో ఏది ఎక్కువైతే అదే టికెట్టు. తగ్గించే మీట ఎవరి దగ్గరా లేదు. మేం లంచాలు తిని తగ్గించేస్తామని మొదటి నుంచీ పెట్టలేదు.

మరి కన్నవాళ్ళు తక్కువ వాళ్ళా? "ఎన్నేళ్ళంటే ఏడని సెప్పు, తెలిసిందా?" అని లైన్లోనే పాఠం చెప్పుకుంటూ వస్తారు. పదకొండేళ్ళ దాన్ని చంకనెక్కించుకుంటారు. రెండు జడలేసి ఎర్ర రిబ్బన్లు కడతారు. గొంతు మారిపోయిన పిల్లాడి నోట్లో పాలపీక పెట్టి తెచ్చిన ఘనుడొకడున్నాడు. నేను మెల్లగా అడుగుతాను. "నీ తర్వాత తమ్ముడున్నాడా నాయనా? వాడికెన్నేళ్ళు?" "పదకొండు." "మరి నీకు?" "తొమ్మిది." ఇలా ఎంతమందిని పట్టుకున్నానో లెక్క లేదు. పళ్ళు చూస్తే చాలు, ఆర్నెల్ల తేడాతో వయసు చెప్పేస్తాను.

ఇవాళ మధ్యాహ్నం లోపల అరవై ఒక్క మంది పిల్లలొస్తే ఇరవై ముగ్గురికి ఫుల్ పడింది. నిరుడు ఇదే వీధికి నలుగురే. జనం ఇంత బరితెగించారా అని ముందు తిట్టుకున్నాను. ఆ తర్వాతే పెట్టె మీద అనుమానం వచ్చింది. ఇవాళ్టి నుంచి గొడవ పడిన ప్రతి పిల్ల టోకెను నంబరూ ఇందులో రాస్తాను. మా అమ్మాయి పైడితల్లికి పదేళ్ళు. మా వీధి వంతు ఇరవై నాలుగున.

2
మార్చి 5

ఎండుచేపలమ్మే చిలకమ్మ కొడుకుని తెచ్చింది. వాడి పేరు గురువులు.

"పదేళ్ళప్పా. గోడకి తొలి రాయి పడ్డ మరసటేడు, మావిడికాయల కాలంలో పుట్టినాడు" అంది. కిటికీ దగ్గర నేను అందరికీ అప్పనే, అక్కనన్నమాట.

నాకు అలవాటే కదా, పదకొండు నొక్కాను. పెట్టె తియ్యగా, పెళ్ళిలో పన్నీరు చల్లుతున్నంత మర్యాదగా, "పన్నెండు. ఫుల్ టికెట్టు" అంది.

"ఓలమ్మా! ఇదేటిది? నా కొడుకు వయసు నాకు తెల్దా?"

"అందరిదీ ఇదే పాటమ్మా. అబద్ధమాడితే పెట్టెకేం ఒరుగుతుంది? లైను ఆగిపోయింది, జరుగు" అన్నాను.

ఆవిడ ఆ టికెట్టుని చివర పట్టుకుని పక్కకి జరిగి నిలబడింది. పిల్లాడు నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. పైన కోరపళ్ళు ఇంకా రాలేదు, ఆ చోటు ఖాళీగా ఉంది. పన్నెండేళ్ళ వాడికి అలా ఉండటం అరుదు. అది చూశాను. చూసి కూడా నోరెత్తలేదు. టోకెను 2217.

3
మార్చి 9

ఇవాళ్టిది రాయకపోతే నిద్ర పట్టదు.

వలలల్లే అప్పన్న కవల ఆడపిల్లల్ని తెచ్చాడు. గంగ, గౌరి. గౌరి నడిచొచ్చింది. గంగకి మూడ్రోజుల జ్వరం, తండ్రి భుజం మీద వాలిపోయి ఉంది. వంతు తప్పితే పెద్దకింద రాసేస్తారని ఆ ఒంటితోనే తెచ్చాడు. "ఇద్దరికీ పదేళ్ళప్పా" అన్నాడు. ఇద్దరికీ పదే నొక్కాను. గౌరి చెయ్యి పెడితే పెట్టె "పది. అర టికెట్టు" అంది. గంగ చెయ్యి పెట్టించాడు. "పన్నెండు. ఫుల్ టికెట్టు."

నా బుద్ధి ఎలాంటిదో చూడండి. పెట్టెని పక్కన పెట్టి ముందు అప్పన్ననే పట్టుకున్నాను. "ఒకదాన్ని పక్కింటి నుంచి తెచ్చావా ఏంటి?" అనడిగాను. పిల్లలిద్దరూ అచ్చు గుద్దినట్టున్నారు. చెవి తమ్మె కింద మచ్చ కూడా ఇద్దరికీ ఒకే చోట ఉంది. మళ్ళీ పెట్టించాను. మళ్ళీ అదే.

"ఒక్క కానుపులో పుట్టినారు. అరగంటే తేడా. అరగంటలో రెండేళ్ళెలా పెరిగిపోద్దప్పా?" అన్నాడు అప్పన్న. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. అన్నీ తెలిసినదాన్నని కదా అడిగాడు. "వెనక లైనుంది" అన్నాను, సిగ్గులేకుండా. గంగ టోకెను 2306.

4
మార్చి 11

ఇది సూపర్‌వైజరు పట్నాయక్ గారి పనేనని తేల్చేసుకున్నాను. పోయిన వర్షాల్లో గోడ రెండు చోట్ల తెగింది. మనుషులు చాలడం లేదని కౌన్సిలు గోల పెడుతోంది. పన్నెండు గీతని చడీచప్పుడు లేకుండా పదికి జరిపితే గోడకి రెండేళ్ళ పిల్లలు ఒక్కసారే దొరుకుతారు. జరపగలిగినవాడు ఆయనొక్కడే. పైగా వారం నుంచి భోజనాల వేళ గది తలుపు గడియ పెట్టుకుంటున్నాడు. తప్పు లేనివాడికి గడియ ఎందుకు?

ఇవాళ టోకెను కాగితం చుట్టలు కావాలన్న వంకతో తలుపు తట్టాను. తీశాడు. నన్ను లోపలికి లాగినంత పని చేసి మళ్ళీ గడియ పెట్టాడు. బల్ల మీద క్యారేజీ మూత కూడా తియ్యలేదు.

"వరహాలమ్మా, ఉన్నమాట చెప్పు. పెట్టెని నువ్వేమైనా చేశావా?"

"నేనా! మీరే చేశారనుకుంటున్నాను నేను!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. వాళ్ళ మనవడికి తొమ్మిదిన్నరట. వచ్చే నెలలో వాళ్ళ వీధి వంతట. మధ్యాహ్నమంతా తలుపేసుకుని కొడుకుతో ఫోన్లో అదే మాట్లాడుతున్నాడట. "నీ కిటికీ దగ్గరికి పంపితే పెట్టె ఎంత చెబుతుంది? నీకేమైనా కిటుకు తెలుసా?" అని బతిమాలాడు. కౌన్సిలుకి రాయొచ్చు కదా అంటే, "రాశాను. గోడకి మనుషులొస్తున్నారు కదా, ఇబ్బందేమిటి అని జవాబిచ్చారు" అన్నాడు.

ఈయన కాదన్నమాట. మరి ఎవరు?

5
మార్చి 14

నెలకోసారి పెట్టె తుడవడానికి మెకానిక్ దానియేలు వస్తాడు. నెమ్మదస్తుడు. వాడి మీదా అనుమానం పెట్టుకునే ఉన్నాను కాబట్టి, ఇవాళ పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను. "మూత తియ్యి, లోపల నేను చూడాలి" అన్నాను.

తీశాడు. లోపలంతా ఉప్పు గాలికి పచ్చగా చిలుం పట్టి ఉంది.

"ఎముక సూసే బిళ్ళ ఇదప్పా. పోయి ఆర్నెల్లయింది. పైకి రాసినాను. సామాను లేదన్నారు."

"ఆర్నెల్లా! మరి వయసులు ఎలా చెబుతోంది?"

"దీనికి సెవుంది, కన్నుంది. కన్నోళ్ళు ఎంతని సెప్పినారో ఇంటది, పిల్లనెలా తెచ్చినారో సూస్తది. ఆ తరవాత నువ్వయితే ఎంత పెంచుతావో అంత కలిపేస్తది." దానియేలు నా మొహం వంక చూడకుండా స్క్రూ తిప్పుతున్నాడు. "పంతొమ్మిదేళ్ళు నీ కిటికీ కాడే కదప్పా ఇది నేర్సుకున్నది. నీ బుద్ధే నాలుగు కిటికీలకీ పోయింది. బిళ్ళ బాగున్నన్నాళ్ళూ ఎముక సూసి సరిదిద్దుకునేది. ఇప్పుడు నీ అనుమానమొక్కటే మిగిలింది దానికాడ."

తప్పు నా మీదకి నెట్టి వీడు తప్పించుకుంటున్నాడనుకున్నాను ముందు. రుజువు చెయ్యమన్నాను. పెట్టె కంటికి తుడిచే గుడ్డ కట్టాడు. నా నలభై ఆరేళ్ళ చెయ్యి, గాజులు తీసి, అందులో పెట్టించాడు. తండ్రిలా గొంతు సవరించుకుని "పాపకి ఎనిమిదండీ" అన్నాడు. "ఎనిమిది. అర టికెట్టు" అంది పెట్టె. మళ్ళీ పెట్టించి ఈసారి నసిగాడు. "ఎ... ఎనిమిదండీ." "పది. అర టికెట్టు" అంది.

నసిగితే రెండు కలపాలి. నా లెక్కే అది. చంకనెక్కిన పిల్లకి రెండు. ఎర్ర రిబ్బన్లకి రెండు. పిల్లనడిగితే తల్లి జవాబు చెప్పిందంటే రెండు. అడక్కుండానే పుట్టిన కాలం లెక్క చెప్పినా రెండు. జ్వరమొచ్చి తండ్రి భుజం మీద పడుకున్న పిల్ల దానికి చంకనెక్కిన పిల్లే. అబద్ధాలకోరులు రెండేళ్ళు తగ్గించి చెబితే సరైన వయసు పడుతోంది. ఉన్నమాట చెప్పినవాళ్ళ పిల్లలే గోడకి పోతున్నారు.

చెయ్యి పెట్టెలో నుంచి తీసుకుని గాజులు వేసుకున్నాను. గురువులు కోరపళ్ళ చోటే కళ్ళ ముందు కనబడుతోంది. ఛీ, నా బతుకు.

6
మార్చి 16

"కొత్తగా ఏది సూస్తే అది నేర్సుకుంటది. నువ్వు జనాన్ని నమ్మడం మొదలెట్టప్పా" అన్నాడు దానియేలు. అంటే కన్నవాళ్ళు ఎంతంటే అంతే నొక్కాలి. పెట్టె తన అంకె తను చెబుతుంది, టికెట్టు అదే పడుతుంది, కానీ నేను పెంచడం లేదని చూసి మెల్లగా తగ్గుతుందట. ఎన్నాళ్ళు పడుతుందో వాడికీ తెలియదు. మా వంతుకి ఎనిమిది రోజులుంది. మిగతా కిటికీల వాళ్ళకి పట్నాయక్ గారి చేత గట్టిగా చెప్పించాను. ఆయన సంతోషంగానే చెప్పాడు, మనవడున్నాడు కదా.

నమ్మడమంటే ఇంత కష్టమని నాకు తెలియదు. ఇవాళ ఒకడొచ్చాడు, నూనూగు మీసం, గొంతు డప్పులా ఉంది. తల్లి "పదకొండండీ" అంది. నా వేలు పదహారు వైపు దానంతటదే పోతోంది. ఎడం చేత్తో కుడి చెయ్యి పట్టుకుని పదకొండు నొక్కాను. "చల్లగా ఉండు నాయనా" అన్నాను. వాడే బిత్తరపోయాడు. పక్క కిటికీ కనకం వంగి చూసి, "అప్పా, కళ్ళజోడు మార్పించుకో" అంది.

7
మార్చి 22

తగ్గుతోంది! ఇవాళ మా వెనకింటి లక్షుము కూతురు ఎర్ర రిబ్బన్లు కట్టుకుని వచ్చింది. ఆ పిల్ల పుట్టినప్పుడు మంత్రసానికి వేడినీళ్ళందించింది నేనే. కచ్చితంగా పదేళ్ళు. తల్లి పదంది. నేను పది నొక్కాను. పెట్టె "పదకొండు. అర టికెట్టు" అంది. మొన్నైతే ఆ రిబ్బన్లకి పన్నెండు పడేది. లక్షుము వెళ్ళిపోయాక బల్ల కింద తల దూర్చి కాసేపు ఏడ్చాను.

8
మార్చి 23

ఇంట్లో గొడవ. సొంత పిల్ల వస్తే గేటు మనిషి కిటికీలో కూర్చోకూడదు, పక్కన కూడా నిలబడకూడదు. రేపు పైడిని తీసుకెళ్ళాల్సింది సన్యాసిరావే. నేను అమాయకుణ్ణే పెళ్ళి చేసుకున్నాను. ఆయన అబద్ధమాడితే చెవులు ఎర్రబడిపోతాయి.

"ఎనిమిదని చెప్పు" అన్నాను.

"పదికి పదకొండొస్తందని నువ్వే అన్నావు కదే. ఉన్నమాట సెప్పీసి వచ్చేస్తాను."

"లక్షుము కూతురికి వచ్చింది. మన పిల్లకి పన్నెండొస్తేనో? వారం రోజుల్లో బుద్ధి మారిందంటే నేను నమ్మను. నా బుద్ధి నాకు తెలియదా? ఎనిమిదంటే ఎంత కలిపినా పదే అవుతుంది. మారు మాట్లాడకు."

చాప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న పైడి తలెత్తింది. "నాకు పది కదమ్మా?"

"నువ్వు నోరు మూసుకుని నిలబడు చాలు" అన్నాను.

9
మార్చి 24

కనకం కిటికీ. నేను దూరంగా, నీళ్ళ కుళాయి పక్కన నిలబడ్డాను.

సన్యాసిరావు చెవులు లైన్లో ఉండగానే ఎర్రబడ్డాయి. పైడి పెట్టెలో చెయ్యి పెట్టింది. "ఎ... ఎనిమిదండీ" అన్నాడు. కనకం నా వైపు చూడకుండా ఎనిమిది నొక్కింది.

పైడి తండ్రి చొక్కా పట్టుకుని గుంజింది. అది గట్టిగా మాట్లాడే పిల్ల, నా గొంతే దానికొచ్చింది. "నాన్నా, అబద్ధం! నాకు పది. గేటు కాడ అబద్ధమాడినోళ్ళని అమ్మ పట్టేస్తది కదా!"

తండ్రి నసిగాడు, పిల్ల కాదంది. అంతకన్నా పెద్ద గుర్తు నా పంతొమ్మిదేళ్ళలో మరోటి లేదు. పిల్ల చెప్పిన అంకె పట్టుకుని దాని మీద రెండు కలపడమే నేను చేసేది. పెట్టె కూడా అదే చేసింది.

"పన్నెండు. ఫుల్ టికెట్టు."

ఉన్నమాట చెప్పి ఉంటే పదకొండు పడేది. మా ఆయన చెబుతానన్నాడు, నేనే వద్దన్నాను. పైడికేమో ఇదంతా పట్టలేదు. ఫుల్ టికెట్టుంటే పెద్ద ఊయల ఎక్కనిస్తారని చంకలు గుద్దుకుంటూ పరిగెత్తింది. సన్యాసిరావు కుళాయి దగ్గరికి వచ్చి మొహం కడుక్కున్నాడు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. లారీ ముప్ఫయ్యో తారీకున.

10
మార్చి 25

ఏడవడానికి టైము లేదు. ఎల్లుండి కౌన్సిలు కాలనీ వంతు. వాళ్ళు ఈ లైన్లలోకి రారు. కొండ అవతల అతిథుల గేటుంది. అక్కడ పెట్టె లేదు. కారు దిగి వయసులు రాసిన కాగితం ఇస్తే గేటు మనిషి చూసి నొక్కడమే. కానీ అక్కడ కూడా అదే పద్ధతి. కాగితం అంకె, గేటు మనిషి అంకె, రెండిట్లో ఏది ఎక్కువైతే అదే టికెట్టు. ఆ గేటు దగ్గర ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరికి ఎవరూ పెంచలేదు.

ఎల్లుండి అక్కడ డ్యూటీ కనకానిది. నా రెండు ఆదివారాలు ఇస్తాను, మార్చుకో అన్నాను. కనకం నన్ను ఎగాదిగా చూసి, "ఏటి సేస్తావప్పా?" అంది. మళ్ళీ తనే, "సెప్పకులే. నన్నడిగితే నాకేటీ తెల్దంటాను" అంది. మార్చుకుంది.

11
మార్చి 27

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రేపు ఎవరైనా అడిగితే నా మాట ఇదే.

పదిన్నరకి కార్లొచ్చాయి. కౌన్సిలు చైర్మన్ గారి మనవరాలు ముందు దిగింది. పేరు మేధ. కాగితంలో ఏడు. ఏడే. ముందు పళ్ళు రెండూ ఊడి ఉన్నాయి, గౌను మీద కుందేలు బొమ్మ. నన్ను చూసి నవ్వింది. ఆ పిల్ల చేత రాయి మోయించరని నాకు తెలుసు. తెలిసే చేశాను. తెలిసినా వేలు ఆడటానికి కొంచెంసేపు పట్టింది. పన్నెండు నొక్కాను. వెనక దిగిన తొమ్మిది మందికీ పన్నెండే నొక్కాను.

ఫుల్ టికెట్లు చూసి ముందు నవ్వారు. తర్వాత చైర్మన్ గారి కోడలు, "ఇదేంటి? మా పాపకి ఏడేళ్ళే" అంది.

"నాకు చూస్తే అనుమానం వచ్చిందండి. అనుమానమొస్తే పెంచమనే కదా మాకు చెప్పింది."

"తగ్గించండి మరి!"

"తగ్గించే మీట లేదండి."

పట్నాయక్ గారు పరిగెత్తుకొచ్చాడు. ఆయనకి చెమటలు. నన్ను చూశాడు, అర్థమైనట్టే ఉంది. నేను చేతులు కట్టుకుని, కళ్ళు సరిగ్గా కనబడటం లేదండి, బుద్ధి తక్కువైందండి అని ఎంత ఏడవాలో అంత ఏడ్చాను. ఫోన్ల మీద ఫోన్లు పోయాయి. చైర్మన్ గారే ఫోన్లో అరుస్తుంటే ఇక్కడి దాకా వినబడింది. పదమూడేళ్ళుగా లేని మీట, కుదరనే కుదరదన్న మీట, నలభై నిమిషాల్లో నా బల్ల మీది తెర మీద వెలిగింది. దానియేలు వచ్చి తీగ కలిపాడు. పట్నాయక్ గారు తన చేత్తోనే పది మందినీ తగ్గించి, క్షమాపణలు చెప్పుకుంటూ వాళ్ళని ఊయలల దాకా దిగబెట్టడానికి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, "నేను తిరిగొచ్చేదాకా నువ్విక్కడే కూర్చో. దేన్నీ ముట్టుకోకు" అని కాస్త గట్టిగానే అన్నాడు. మీట ఆపమని మాత్రం అనలేదు.

వాళ్ళ పని అయిపోయింది కదా, పైనున్నవాళ్ళు దీన్ని ఎక్కువసేపు ఉంచరు. ఇందులో మాత్రం నా అనుమానం తప్పదు. చేతిసంచీలో నుంచి ఈ పుస్తకం తీశాను. "అప్పా, పైనుంచి ఆపేస్తే నా సేతిలో ఉండదు. బేగి కానియ్" అన్నాడు దానియేలు. తలుపు దగ్గర నిలబడ్డాడు.

వరసగా మొదటి పేజీ నుంచి కొట్టాలి. కానీ ముందు పైడి టోకెను కొట్టాను. తల్లిని, నాకు ఇంకోలా చేతకాలేదు. పన్నెండు పోయి పది వచ్చింది. ఆ తర్వాత మార్చి మూడు నుంచి మొదలుపెట్టాను. టోకెను, వయసు, మీట. టోకెను, వయసు, మీట. తల్లులు ఎంతన్నారో అంతే కొట్టాను, ఒక్కరి దగ్గర కూడా ఆగి ఆలోచించలేదు. 2217 దగ్గర గురువులికి పది అని కొట్టినప్పుడు పైకే "అమ్మయ్య" అన్నాను. ముప్ఫై ఒక్క మంది అయ్యారు. ముప్ఫై రెండోది 2306. అప్పన్న కూతురు గంగ. రెండు, మూడు, సున్నా వరకు కొట్టాను. మీట పోయింది. తెర మీద ఆ చోటు బోసిగా ఉంది. ఎన్నిసార్లు నొక్కినా రాలేదు.

గంగ తర్వాత ఇంకా ఎనభై ఏడు టోకెన్లున్నాయి. వాళ్ళందరికీ నేను ఏం చెప్పినా చాలదు. కానీ గంగ సంగతి వేరు. పైడిని ముందు కొట్టకుండా ఉంటే, గంగకి పడేది.

సాయంత్రం అప్పన్న ఇంటికి వెళ్ళాను. వాకిట్లో వల బాగుచేస్తున్నాడు. ఉన్నదంతా చెప్పాను. పెట్టెకి నా బుద్ధే వచ్చిందని, మీట వచ్చి పోయిందని, ఒక్క పేరు తేడాలో గంగ ఉండిపోయిందని, ఆ ఒక్క పేరు మా అమ్మాయిదని. తిట్టించుకోవడానికే వెళ్ళాను. అతను వల ముడి వేస్తూ విన్నాడు. ముడి బిగించి దారం తెంపాడు.

"నానైనా నా పిల్లనే ముందు కొడతానప్పా" అన్నాడు. అంత నెమ్మదిగా అనకపోతే బాగుండేది. "అయినా మేం ఒకటనుకున్నాం. నీకు సెప్పకూడదు. గేటు కాడ నిన్ను దాటి ఏదీ పోదంటారు. వచ్చినావు కాబట్టి సెప్తున్నాను. గోడకి వంద రోజులు కదా. సెరో యాభై ఎల్తారు. ఒకర్తి గోడ కాడుంటే ఇంకోర్తి బడికెల్తాది. మజ్జిలో సెలవుకి వచ్చినపుడు మారిపోతారు. ఆళ్ళకి ఆళ్ళే అనుకున్నారు. నానేటీ నేర్పలేదు."

లోపలికి కేకేశాడు. పిల్లలిద్దరూ గుమ్మంలోకి వచ్చారు. ఒకే రంగు గౌన్లు, ఒకేలా దువ్విన తలలు. పక్కపక్కన నిలబడి, ఊపిరి బిగబట్టి, నన్నే చూస్తున్నారు.

"లారీ కాడ కౌన్సిలోళ్ళకి తెల్దు. బళ్ళో మేస్టరికీ తెల్దు. నువ్వు సూసి సెప్పప్పా, ఇందులో గంగెవురు?" అన్నాడు అప్పన్న.

ఎడం వైపు పిల్ల కళ్ళ కింద జ్వరం తీసిన గుంటలు ఇంకా పూడలేదు. మెడ దగ్గర ఎముక కాస్త పైకి తేలి ఉంది. గుమ్మంలోకి రాగానే నాకు తెలిసిపోయింది.

వాళ్ళిద్దరినీ పైనుంచి కింది దాకా, గేటు దగ్గర చూసినట్టే, తీరిగ్గా చూశాను.

"ఏమో నాయనా, ఎవరు ఎవరో నాకు తెలియడం లేదు" అన్నాను.